తాళంచెవి ఎవరి దగ్గరుండాలో నన్నే అడిగిన మనిషి

ఆసుపత్రి ఆయమ్మ ఫోన్ చేసి, "మేడమ్ గారు పోయేరమ్మా. గుండెపోటంట. నువ్వు సోమారం రాకు" అంది. సోమవారం అక్కడికి వెళ్ళకపోతే ఎక్కడికి వెళ్ళాలి?

ఆవిడ అనకాపల్లిలో నాకు కౌన్సిలరు. మందులు రాసే డాక్టరు వేరు, ఈవిడ మన మాట వినే మనిషి. మాది మునగపాక పక్కన పల్లె, చెరకు రైతులం. మా ఇంట్లో బడి మొహం చూసింది నేనొక్కదాన్నే. డిగ్రీ రెండో ఏడాదిలో నిద్ర పోయింది, ఆకలి పోయింది, ఆ తర్వాత బతకాలన్న ఆశే పోయింది. పుస్తకాలు చదివి పిల్లకు మతి చెడిందని వీధిలో అనుకున్నారు. మా పిన్ని తన కూతుర్ని బడి మాన్పించేద్దామా అని ఆలోచనలో పడింది.

మొదటిసారి అమ్మ తీసుకెళ్ళింది. మేడమ్ నాతో మాట్లాడుతూనే ఉండేసరికి అమ్మకు ఓపిక పోయి, "ఇంజక్షనెయ్యరేటి? కబుర్లాడ్డానికి మా ఊర్లో మనుసుల్నేరా?" అంది. నేను తల దించుకున్నాను. మేడమ్ మాత్రం నవ్వి, మా యాసలోనే అమ్మను అక్క వరసలో పిలుస్తూ, "నిజవే అప్పా. మరి మీ ఊర్లో ఈ పిల్ల మాట ఎవులిన్నారు?" అని అడిగారు. అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

నా మెడలో తాయెత్తు ఉండేది. మేడమ్ దాన్ని తీసేయమనలేదు. అది కట్టించడానికి అమ్మ ఎంత దూరం నడిచిందో అడిగి తెలుసుకున్నారు. "అది మీ అమ్మ చేసిన వైద్యం, ఉండనీ. మనం చేసేది మనం చేద్దాం" అన్నారు. నేను బాగవుతానా అని అడిగితే, "నాకూ తెలీదమ్మా. ఇద్దరం కలిసి వెతుకుదాం" అన్నారు. అందరూ తగ్గిపోతుందిలే అంటున్న రోజుల్లో ఆ ఒక్క మాటే నమ్మబుద్ధయింది.

చెరకుకు కొట్టే పురుగుమందు మా పాకలో ఉంటుంది. నా మనసు అటు పోతోందని ఒకరోజు చెప్పేశాను. ఆవిడ కంగారుపడలేదు, తిట్టలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, దాన్ని ఎక్కడ పెట్టి తాళం వేస్తే, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంటే నాకు ధైర్యంగా ఉంటుందో నన్నే అడిగారు. నా ప్రాణం సంగతి అంతవరకూ నన్నెవరూ అడగలేదు. నాన్న దగ్గర వద్దన్నాను, ఎక్కడో పెట్టి మరిచిపోతాడు. అమ్మ అన్నాను. బయట కూర్చున్న అమ్మను లోపలికి పిలిచి, ఆ మాట నాచేతే చెప్పించారు. అమ్మ ఆ తాళంచెవిని పుస్తెలతాడుకు పిన్నీసుతో తగిలించుకుంది. స్నానానికి కూడా తీసేది కాదు. ఎవరైనా ఎగతాళి చేస్తే, "మా ఇంట్లో బంగారం ఉందిలే" అనేది.

మేడమ్ పోయారని చెప్పినప్పుడు అమ్మ చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది.

ఆయమ్మ వద్దన్నా సోమవారం వెళ్ళాను. వేరే ఆవిడ వస్తారట, ఎప్పుడో ఎవరికీ తెలీదు. మూసి ఉన్న గది ముందు మెట్ల మీద చేపలమ్మే ఆవిడ గంపతో కూర్చుని ఉంది. కొడుకు సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదట. అప్పటినుంచి ఆవిడా మేడమ్ దగ్గరికి వస్తోంది. మేడమ్ పోయిన సంగతి ఆవిడకు తెలీదు.

"డాక్టరమ్మ ఇంకా రానేదేటి?" అని అడిగింది.

చెప్పాను.

"మరి నానెవులితో సెప్పుకోనమ్మా?"

చదువుకున్నదాన్ని కదా, ఏదో ఒకటి చెప్పాలనిపించింది. నాకూ దిక్కు తోచక ఆవిడ పక్కనే కూలబడ్డాను. కొడుకు పేరేమిటని అడిగాను. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. బేరాల వేళ దాటిపోతోంది. గంపలో మంచు కరిగి, నీళ్ళు మెట్టు మీంచి మెట్టు మీదికి కారుతూనే ఉన్నాయి.