శుక్రవారం లెక్క

ఆ పొద్దున తెల్లాపూర్ రోడ్డు మీద మా బస్సు నలభై నిమిషాలుగా కదల్లేదు. తలుపును ఆనుకుని లారీ ఆగడంతో దిగే దారి కూడా లేదు. పక్క సీట్లో సెక్యూరిటీ యూనిఫాం వేసుకున్న పెద్దాయన నా ఒళ్లోని ఫైలు చూసి, అదేమిటని అడిగాడు. ఇక్కడ కొత్త స్కూలు కడతారని, దానివల్ల ట్రాఫిక్ ఎంత పెరుగుతుందో లెక్కగట్టింది నేనేనని చెప్పాను. రోడ్డు తట్టుకుంటుందని రాశానన్నాను.

"ఏ రోజు లెక్కపెట్టిన్రు సార్?"

"శుక్రవారం."

ఆయన నవ్వలేదు. "నేను ఆఫీసు గేటు కాడ బండ్లు చూస్త సార్. శుక్రవారం సగం మంది ఇంట్లనే ఉండి పని చేస్తరు. నేను జర కుర్చీల కూసునేది గా ఒక్కరోజే."

ఆయన కిటికీ కడ్డీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. నేను ఫైలును సంచిలో పెట్టేశాను. మళ్లీ లెక్కపెట్టడానికి గడువు లేదని సర్దిచెప్పుకుని, ఆ మధ్యాహ్నమే సంతకం పెట్టి ఇచ్చేశాను.

ఇప్పుడా స్కూలు నడుస్తోంది. రోజూ దాని పసుపు బస్సుల వెనక గంటసేపు ఇరుక్కుంటాను. శుక్రవారం మాత్రం రోడ్డు అచ్చం నేను రాసినట్టే ఉంటుంది.