ఫిట్టర్ దేవదానం చెల్లెలు

కిందటి నెల మా ఊళ్ళో బస్సు దిగగానే పెయింటు వాసన తగిలింది. కూడలిలో ఒకతను నిచ్చెన మీద నిలబడి విగ్రహానికి వెండి రంగు వేస్తున్నాడు. సముద్రం మాకు మరీ దగ్గర. ఉప్పుగాలికి ఏ రంగూ ఎక్కువ కాలం నిలవదు. ముందు చెవులు పొలుసులు లేస్తాయి, తర్వాత ముక్కు, ఆ తర్వాత కుడిచేతిలోని స్పానరు. అవును, స్పానరే. మన జిల్లా విగ్రహాల చేతుల్లో పుస్తకాలు చూశాను, కర్రలు చూశాను, తుపాకులు చూశాను. స్పానరు పట్టుకున్నవాడు నాకు తెలిసి ఇతనొక్కడే. పేరు దేవదానం. డెబ్భై ఒకటి యుద్ధంలో, ఇరవై రెండేళ్ళ వయసులో చనిపోయిన వాయుసేన ఉద్యోగి. అతన్ని నేను చూడలేదు, పుట్టనే లేదు. నేను చూసింది అతని చెల్లెలిని. ఆమె పోయి రెండేళ్ళయింది. ఆ స్పానరు అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలంటే ఆమె గురించే చెప్పాలి.

రత్నకుమారి టీచర్ మాకు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పారు. ఆవిడ దగ్గర ప్రయోగాల రికార్డులో ప్రతి పేజీకీ మూడు గడులు గీయాలి: చూసినది, విన్నది, అనుకున్నది. ఇంకే స్కూల్లోనూ ఈ పద్ధతి లేదని తర్వాత తెలిసింది. ఒకసారి వెలిగే కొవ్వొత్తి మీద గాజు గ్లాసు బోర్లించారు. మంట ఆరిపోయింది. నేను మొదటి గడిలో ‘ఆక్సిజన్ అయిపోయింది’ అని రాశాను.

“ఆక్సిజన్ని చూసినావా రఘూ? ఎట్లుంటుంది? నల్లంగనా, తెల్లంగనా?”

క్లాసంతా నవ్వింది. “మంట ఆరిపోవడం చూసినావు. అది ఈ గడిలో రాయి. ఆక్సిజన్ సంగతి పుస్తకం చెప్పింది, విన్నదాంట్లో రాయి. తప్పేం లేదు. రెండూ కలపబాక, అంతే.”

దేవదానం గురించి మా ఊళ్ళో ఉన్నదంతా రెండో గడి, మూడో గడి. అతను పైలట్ అని, మంటలంటుకున్న విమానంతో శత్రు విమానాన్ని ఢీకొట్టాడని చెప్పుకునేవాళ్ళు. ఆగస్టు పదిహేనుకు స్కూల్లో దాన్ని నాటకంగా వేసేవాళ్ళం. నేను వరసగా రెండేళ్ళు శత్రు విమానం వేషం వేశాను. టీచర్ ముందు వరసలో కూర్చుని చూసేవారు. నాటకమయ్యాక చాక్లెట్లు పంచుతూ, “బాగా చేసినారు నాయనా. అయితే మా అన్న పైలట్ కాదు, ఫిట్టరు. విమానాలు రిపేరు చేసేవాడు” అనేవారు. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కేది కాదు. మరుసటి ఏడాది మళ్ళీ పైలటే.

నాకు ఎక్కింది. రెండోసారి నాటకమయ్యాక అట్ట రెక్కలు విప్పకుండానే వెళ్ళి అడిగాను.

“మరి ఎలా చనిపోయారు టీచర్?”

“విమానాలు దిగే చోట బాంబులేసినారు.”

“అప్పుడాయన ఎక్కడున్నారు? ఏం చేస్తున్నారు?”

“తెలీదు.”

“ఎవరినీ అడగలేదా?”

“లేదు” అని నా రెక్కల దారం ముడి విప్పడం మొదలుపెట్టారు. ఆ సంభాషణ అంతటితో ముగిసిందని నాకు అర్థమైంది. ఇంకేమీ అర్థం కాలేదు. కొవ్వొత్తి ఎందుకు ఆరిందో మమ్మల్ని గుచ్చి గుచ్చి అడిగే మనిషి, సొంత అన్న ఎలా పోయాడో నలభై ఏళ్ళకు పైగా ఒక్కరినీ అడగకుండా ఉన్నారు. మృతదేహం ఊరికి రాలేదట. సమాధుల పండుగనాడు వాళ్ళ నాన్న సమాధికి సున్నం కొట్టి, దండ వేసి, పక్కనున్న ఖాళీ నేల మీద ఆవిడ ఇంకొక కొవ్వొత్తి వెలిగించేవారు. మా ఇల్లు శ్మశానం దారిలోనే. వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు ఆవిడ ముఖం చూసేవాణ్ణి. ఏమీ తెలిసేది కాదు.

నేను డిప్లొమా మెకానికల్ చివరి ఏడాదిలో ఉండగా, పంచాయతీ ప్రెసిడెంటు సుధాకర రెడ్డి గారు దేవదానం విగ్రహం పెట్టించాలని చందాలు వసూలు చేశారు. అప్పటికి టీచర్ రిటైరయ్యారు. కావలి బయట హైవే పక్కన విగ్రహాలు పోసే షెడ్డుకు ఆయనా టీచరూ నేనూ వెళ్ళాం. తలలు లేని సిమెంటు శరీరాలు వరసగా నిలబడి ఉన్నాయి. “బాడీలు రెడీగా ఉంటయ్ సార్. తలకాయ ఒక్కటే ఫోటో చూసి చేస్తాం” అన్నాడు షెడ్డు యజమాని. పైలట్ శరీరం లేదు. సైనికుడి శరీరానికి పైలట్ కళ్ళద్దాలు తగిలిస్తే సరిపోతుందన్నాడు.

“కళ్ళద్దాలు వద్దు. మా అన్న ఫిట్టరు” అన్నారు టీచర్.

ప్రెసిడెంటు గారు తల గోక్కున్నారు. “టీచరమ్మా, మా బోర్లు బాగుచేసే ఎంకటేసులు గూడా ఫిట్టరే. రేప్పొద్దున వాడు గూడా నాకొకటి పెట్టమంటాడు.”

“పెట్టు. ఎండాకాలంలో నీకు నీళ్ళు తెప్పించేది వాడే గదా!”

ఆయన నవ్వేశారు. “సరేమ్మా, పైలట్ కాదు. మరి ఎట్టా చనిపోయినాడో మీరే చెప్పండి, పలక మీద అదే చెక్కిస్తా. రిపేరు చేస్తా చేస్తా పోయినాడని రాస్తే చందాలిచ్చినోళ్ళు నన్ను తిడతారు.”

ఆ సాయంత్రం టీచర్ మా ఇంటికి వచ్చి, మా అమ్మ ఇచ్చిన కాఫీ చల్లారిపోయేదాకా పట్టుకుని కూర్చున్నారు.

“వాడితో పనిచేసినోళ్ళు ఎవురన్నా బతికుంటే ఎతకగలవా రఘూ?”

“వెతుకుతాను. ఇన్నాళ్ళు ఎందుకు అడగలేదు టీచర్?”

“మా దానం అన్న ఒట్టి మతిమరుపోడు. సైకిల్ అంగడి కాడ మర్చిపోయి నడుచుకుంటా వచ్చేవాడు. ఏ బోల్టో బిగించడం మర్చిపోయి, వాడి వల్లే ఏదన్నా అయ్యిందని చెప్తారేమోనని భయం. అడగకుంటే పైలటూ కాడు, తప్పు చేసినోడూ కాడు. ఊరికే అన్న.”

నెల్లూరులో మాజీ సైనికుల సంఘం వాళ్ళను అడిగితే, వాళ్ళు ఇంకొకరిని అడిగి, చివరికి సంగంలో ఉన్న నారాయణ గారి పేరు చెప్పారు. అదే దళంలో, అదే ఫిట్టర్ పని చేసిన మనిషి. రిటైరై సొంత ఊళ్ళో వరి పండించుకుంటున్నారు. టీచరూ నేనూ బస్సెక్కాం. నారాయణ గారు వాకిట్లో ఆరబోసిన వడ్లు కాలితో కలుపుతున్నారు. టీచర్ పేరు చెప్పగానే ఆగిపోయారు.

“దానం చెల్లెలివా? ఫిజిక్సు చదివిస్తా అంటుండేవాడు.”

“చదివినాను అన్నా. ఆ రోజు ఏం జరిగిందో చెప్పు.”

ఆయన నా వైపు చూశారు. తర్వాత మెల్లగా చెప్పారు. దేవదానం విమానం రెక్క మీద కూర్చుని, మరమ్మతు కోసం తీసిన రేకు మూతను మళ్ళీ బిగిస్తున్నాడు. సైరన్ మోగింది. అందరూ కందకం వైపు పరిగెత్తారు. అతను రెక్క దిగి వెనకాల వస్తున్నాడు. శత్రు విమానం తక్కువ ఎత్తులో వచ్చి కాల్చుకుంటూ పోయింది. కందకం అంచు దాకా వచ్చి పడిపోయాడు.

“విమానాన్ని కాపాడబోయి చచ్చిపోయినాడని మీ ఊళ్ళో చెప్పుకోమ్మా. ఎవురన్నా వచ్చి నన్నడిగితే నేను కాదనను.”

టీచర్ తల అడ్డంగా ఊపారు. “పరిగెత్తినాడు. అంతేనా?”

“అందరం పరిగెత్తినాం. నేను వాడికంటే ముందు పరిగెత్తినాను, అందుకే ఈడ నిలబడి వడ్లు తిరగేస్తా ఉండా.”

టీచర్ ఉన్నట్టుండి నవ్వారు. నవ్వుతుండగానే కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. “స్కూల్లో గూడా పరుగుపందెంలో వాడే ఆఖరు” అన్నారు. తర్వాత, అసలు అడగడానికి వచ్చింది అడిగారు. “ఆ మూత... సరిగ్గా బిగించినాడా?”

“సగం స్క్రూలు అయినయ్యి. విమానం మళ్ళా లేవాల. మిగతాయి నేనే ఎక్కి బిగించినా. వాడు బిగించినవి కూడా ఒక్కొక్కటి పట్టి చూసినానమ్మా. ఒక్కటి గూడా కదల్లా.”

తిరుగు ప్రయాణంలో కోవూరు దాటాక ఆవిడ బస్సులోనే నిద్రపోయారు. అంత గాఢంగా నిద్రపోయే మనిషిలా నాకెప్పుడూ కనిపించలేదు.

ప్రెసిడెంటు గారు స్పానరుకు ఒప్పుకున్నారు. పరుగుకు ఒప్పుకోలేదు. “పరిగెత్తినాడని పలక మీద రాస్తారామ్మా ఎక్కడన్నా?” అన్నారు. చివరికి పేరు, ఊరు, ‘వాయుసేన ఫిట్టర్, యుద్ధంలో మరణించాడు’ అని మాత్రం చెక్కించారు. అందులో అబద్ధం లేదు కాబట్టి టీచర్ సరేనన్నారు. అయితే ఆవిష్కరణ రోజు మైకు చేతికివ్వగానే జరిగింది జరిగినట్టు చెప్పేశారు: రెక్క, మూత, సైరన్, పరుగు, కందకం. “మా అన్న బతకాలని పరిగెత్తినాడు. ఇరవై రెండేళ్ళోడు. అందులో సిగ్గేం లేదు” అని కూర్చున్నారు. చప్పట్లు లేవు. ప్రెసిడెంటు గారు నేల చూస్తున్నారు. సభ పాడైపోయిందనే నేను అనుకున్నాను.

అప్పుడు వెనక నుంచి పోలమ్మ లేచి వచ్చింది. చేపలమ్మే మనిషి. కొడుకు అప్పుడే సైన్యంలో చేరి సరిహద్దుకు వెళ్ళాడు. ఇద్దరూ రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారని, ఆమె మాత్రం ‘భయపడబాకరా, ధైర్యంగా ఉండు’ అనే చెబుతుందని ఊరందరికీ తెలుసు. ఆమె టీచర్ రెండు చేతులూ పట్టుకుంది. “టీచరమ్మా, మావోడికి ఈ మాట చెప్పొచ్చునా? పరిగెత్తరా అని? నేను చెప్తే పిరికితనం నేర్పినట్టు అనుకుంటాడని చెప్పలా.”

“చెప్పు పోలమ్మా. ఇప్పుడే ఫోన్ చెయ్యి. దానం అన్న చెప్పినాడని చెప్పు.”

పోలమ్మ అక్కడే, విగ్రహం పక్కన నిలబడి ఫోన్ చేసింది. సభ అలాగే కూర్చుని ఆమె మాటలు విన్నది.

నేనిప్పుడు ఓడరేవులో క్రేన్ల మరమ్మతు విభాగంలో పనిచేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్ళకు ప్రమాద సైరన్ వినిపించి, బయటికి ఎలా రావాలో నేర్పడం నా పనుల్లో ఒకటి. ప్రతి బృందంలోనూ ఒకరిద్దరు నవ్వుతూ తాపీగా నడిచి వస్తారు, పరిగెత్తడం నామోషీ అని. వాళ్ళను కూర్చోబెట్టి దేవదానం గురించి చెబుతాను, నారాయణ గారు చెప్పిన క్రమంలోనే, ఏమీ కలపకుండా. ఆ తర్వాత సైరన్ మళ్ళీ మోగించమంటాను. ఈసారి అందరూ పరిగెత్తుతారు. ఆఖరున వచ్చేవాడు బయటికి చేరేదాకా నేను గేటు పట్టుకుని నిలబడతాను.