కెంపూ, పులుసు గరిటే

పుణేలోని ఒక యంత్రాన్ని బొబ్బిలిలోని మా వంటింటి గుమ్మం పక్కన కూర్చుని ఆడించడం నా ఉద్యోగం. ఆ యంత్రం చేతికి సన్నటి పుల్ల, పుల్ల చివర ఆవగింజంత కెంపు. ఆ కెంపుతో ఇనుప సామాన్లను ముట్టుకుని కొలతలు చెబుతుంది. ఎక్కడ ముట్టుకోవాలో ప్రోగ్రాం రాసి పంపేది నేను. వెంట్రుకను నిలువునా ముప్పై చీలికలు చేసి అందులో ఒక చీలికంత తేడా వచ్చినా అక్కడివాళ్ల ముఖాలు మాడిపోతాయి. మా గోడకు నేను కొట్టిన మేకు జానెడు పక్కకుంది. దాని గురించి ఇంతవరకూ ఎవరూ మెయిలు పెట్టలేదు.

కిందటి నెల నా ప్రోగ్రాం వల్ల ఒక కెంపు విరిగింది. ఇంకొకటి విరిగితే ఇంటి నుంచి పని చాలించి, పెట్టె సర్దుకుని పుణే వచ్చేయమని ఆఫీసువాళ్లు చాలా మర్యాదగా చెప్పారు. ఆనాటి నుంచి నెత్తిమీద నిండుబిందె ఉన్నవాడిలా మెడ కదపకుండా కూర్చుంటున్నాను.

ఆ ఉదయం గుంటలున్న ఇనుప దిమ్మ ఒకటి కొలవాలి. ప్రోగ్రాం పంపి, అక్కడి ఆపరేటరుకి ఫోన్ చేశాను. అతనిది ఆమదాలవలస. నన్ను బావా అంటాడు. ఏ వరసనో రెండు కుటుంబాల్లోనూ ఎవరికీ తెలియదు.

"రన్ కొట్టీమంటావేటి బావా?"

"ఉండు, ఓపాలి సదువుకుంటాను."

ఇంతలో చేపల పులుసు కాస్తున్న మా ఆవిడ నా అరచేతిలో ఓ చుక్క వేసింది. "ఉప్పు సరిపోనాదేటండీ?"

"ఊఁ," అన్నాను. అని, పైకే చదివాను: "మొదటి గుంటలోకి దిగు. నాలుగు గోడలూ ముట్టుకో. రెండో గుంటలోకి వెళ్లు."

"పైకెత్తకుండా పక్క గిన్నెలోకి గరిటె ఎలాగెల్తాదండీ?"

"గరిటె కాదే, కెంపు."

"కెంపైతే గోడలోంచి దూరిపోతాదేటి?"

తెరకేసి చూశాను. మూడు వందల పైచిలుకు వరసలున్నాయి. పైకి లెమ్మన్న వరస ఒక్కటీ లేదు.

"ఒరే, రన్ కొట్టకు!"

"కొట్టీసేను. నువ్వే ఊఁ అన్నావు కదేటి బావా."

"అది ఉప్పుకిరా! ఆపు!"

బొబ్బిలి మొత్తం ఊపిరి బిగబట్టింది.

"ఆపీసేను. నాలుగో గోడ మీదున్నాది."

"కెంపు?"

"ఉన్నాది. నీకన్నా దైర్నంగా ఉన్నాది."

ప్రతి గుంట తర్వాతా పైకి లేచే వరస చేర్చి, పక్కన 'గరిటె ఎత్తు' అని గుర్తు రాసుకున్నాను. అదేమిటని పుణేవాళ్లు అడిగితే సాంకేతిక పదమని చెప్పాను. ఖాళీ పెట్టె అటక మీదే ఉండిపోయింది.

"అయితే ఇక ఇంట్లోనే ఉంటారు కదా," అని మా ఆవిడ గరిటె నా చేతికిచ్చింది. "కలపండి. తీసీటప్పుడు పైకెత్తి."