కుడిచేతి గోళ్లు

ఒట్టేసి చెప్పమంటారు. ఒట్టేయాలంటే కుడిచెయ్యి చాచాలి... ఆ చెయ్యి ఇంకొకరి చేతిలో పెట్టడం నాకిష్టం లేదు. కానీ ఇది జరిగింది. నాకే జరిగింది. నమ్మకపోతే మానేయండి.

తొంభైల చివర్లో మాట. హోసూరులో మా ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో నా పాత ఇంగ్లండు మోటారుసైకిలు. తుప్పు ముద్దగా తెచ్చి, ఏళ్ల తరబడి ఒక్కో బోల్టూ విప్పి బిగించి నిలబెట్టాను. ఆ బండ్లకు ఆయిలు కారడం పుట్టుకతో వచ్చిన బుద్ధి. ఆ నలుపంతా నా గోళ్లలోకి దిగిపోయింది. కిరసనాయిలుతో కడిగినా, ఇసుకతో తోమినా పోదు. మా ఆవిడ సరోజకు అదంటే రోత.

"రేపు బిడ్డకు అన్నం ముట్టించేది. మొదటి ముద్ద మీరే పెట్టల్ల. ఆ గోర్లతో పెడితే మాత్రం నేను ఒప్పను. ఈ పొద్దు బండి తీసుకోని యాడికీ పోవద్దు," అంది.

పోయాను. కొత్త చైను వేసి, తోలి చూడకుండా ఎవడైనా ఉంటాడా? స్నేహితుడు నాగరాజు వెనక ఎక్కాడు. రాయకోట దాకా బండి రాజాలా పోయింది. తిరిగొస్తుంటే చీకటి పడింది. మామిడి తోటల మధ్య... టప్! చైను జారి ఇంజను పక్కన ఇరుక్కుంది.

"ఆ తోటింట్లో ఇనప రాడ్డేమన్నా దొరుకుతాదేమో చూసొస్తానప్పా. టార్చి నాకియ్యి," అని నాగరాజు వెళ్లాడు.

నేనొక్కణ్ణే. వాన పడి నేల మెత్తగా ఉంది. స్టాండు దిగబడి బండి నా మీదికి ఒరిగింది. ఎడమ చెయ్యీ భుజమూ ఆనించి దాన్ని ఆపాను. కుడిచెయ్యి ఇంజను కింద నుంచి అవతలికి దూర్చి, చైను కోసం తడుముతున్నాను.

చప్...

అరచేతికి ఏదో తడిగా తగిలింది. ఆయిలు అనుకున్నాను.

చప్... చప్...

నాలుక. వెడల్పాటి నాలుక. గోరువెచ్చగా... గరుగ్గా...

"ఛీ, పో!" అన్నాను. కుక్కే అనుకున్నాను. పోలేదు. చెయ్యి లాక్కుందామంటే మోచెయ్యి ఫ్రేములో పట్టేసింది. గట్టిగా గుంజితే బండి మీద పడుతుంది. కుక్కయితే రొప్పుతుంది కదా? రొప్పు లేదు. ఊపిరే లేదు. అది తొందర పడటం లేదు. బొటనవేలు... తర్వాత చూపుడువేలు... మామిడి టెంక చీకినట్టు ఒక్కో వేలూ నోట్లో పెట్టుకుని చీకింది. గోటి కింద నాలుక కొన పెట్టి తవ్వింది. అక్కడే, బండి ట్యాంకు మీదే కక్కాను. అది ఆగలేదు... చిటికెనవేలు కూడా అయ్యాకే వదిలింది.

అప్పుడు కనిపించింది టార్చి వెలుగు. ఏదో నా చెయ్యి నాకిందని అరిచాను.

"కుక్కప్పా. ఆయిలు వాసనకు వచ్చుంటాది," అన్నాడు నాగరాజు.

"కుక్కయితే అడుగులేవిరా?"

అవతలి వైపు బురద మీద వెలుగు వేశాడు. నున్నగా ఉంది, ఒక్క గుర్తు లేదు. తర్వాత బండి ఎత్తి, నా చెయ్యి బయటికి తీయించి, దాని మీద వేశాడు.

"ఏందప్పా ఈ చెయ్యి..."

ఎడమచేతి గోళ్లు ఎప్పటిలాగే నల్లగా ఉన్నాయి. కుడిచేతివి తెల్లగా... పసిపిల్లల గోళ్లలా...

ఇల్లు చేరాక సబ్బు అరిగిపోయేదాకా కడిగాను. ఆయిలు వాసన అసలు లేదు. నిద్ర లేచిన నోటి కంపు... అది మాత్రం పోలేదు. నా నోటిది కాదు.

పొద్దున సరోజ ఆ చెయ్యి పట్టుకుని మురిసిపోయింది. "ఇన్నాళ్లకు నా మాట విన్నారే!" అంటూ వెండి గిన్నె నా ముందు పెట్టింది. బంధువులంతా చుట్టూ చేరారు. పరమాన్నంలో వేళ్లు పెట్టాను. పాప నోరు తెరిచింది. చిన్న గులాబీ రంగు నాలుక బయటికి వచ్చింది...

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మొదటి ముద్ద వాళ్ల మేనమామ పెట్టాడు. సరోజ లోపలికి వెళ్లి ఏడ్చింది. దేనికలా చేశానో ఆమెకు నేటికీ చెప్పలేదు. ఏమని చెప్పను?

కుక్కేనేమో. కాదేమో. నాగరాజును అడిగితే మాట మారుస్తాడు.

నేను చెంచాతో తింటాను. పాపకు మాటలు వచ్చాక ఒకరోజు నా కంచం పక్కకు వచ్చి కూర్చుంది. "నాయనా, ఒక ముద్ద పెట్టు," అంది. నోరు తెరుచుకుని కూర్చుంది. "మీ అమ్మనడుగు," అని లేచి పోయాను.