తుమ్మితే డిస్కు పోతుంది

ఈ రోజు పొద్దున్నుంచి ‘కదలకండి’ గారి దుకాణంలో ఫ్యాను ఏడుసార్లు ఆగింది. కరెంటు పోయి కాదు, ఏడు డిస్కులు కొట్టారు కాబట్టి. కంప్యూటరు వీడియోను డిస్కు మీదికి ఎక్కిస్తున్నంతసేపూ ఆ చిన్న గదిలో గాలి ఆడకూడదు, మనిషి మెదలకూడదు. తుమ్ము వస్తే వీధిలోకి వెళ్లి తుమ్మి రావాలి. ఆయన అసలు పేరు బోర్డు మీద ఉంది గానీ, రోజంతా ఆయన నోట వచ్చే మాటనే వీధి ఆయనకు పేరుగా పెట్టేసింది.

కౌంటరులో కూర్చునే చెల్లెలికి ఇది పదేళ్ల కఠిన శిక్ష.

"అన్నయ్యా, ఫ్యాను గాలికి డిస్కు పోతుందని నీకెవరు చెప్పారు?"

"అనుభవం చెప్పింది. కదలకు!"

డిస్కు మొరాయిస్తే ఏం చెయ్యాలో ఆయనకు తెలియక కాదు. వేగం తగ్గిస్తాడు, తెరిచి ఉన్న మిగతా ప్రోగ్రాములు మూసేస్తాడు, కొత్త డిస్కు పెడతాడు. కానీ వీడియో తెచ్చినవాళ్ల ముందు మాత్రం నేరం ఎప్పుడూ గాలిదే, లేకపోతే తుమ్ముదే. పోయిన నెల ఒక బ్యాంకు ఉద్యోగి పెళ్లి డిస్కులో బొమ్మ పడకపోతే, పక్క కొట్టువాడి తుమ్మే కారణమని తేల్చాడు. పక్క కొట్టు పిండిమర. అక్కడ గంటకు నలభై తుమ్ములు.

మధ్యాహ్నం రెండింటికి ఒక మామ్మ ఫోను పట్టుకుని వచ్చింది. "బాబూ, స్కూల్లో మా మనవరాలి నాటకం. రాణి వేషం! నేనే తీశాను. మోకాళ్లు సహకరించక మా అక్క రాలేకపోయింది. దానింట్లో డిస్కు పెట్టె తప్ప ఇంకేం లేదు. ఐదింటి బస్సుకు నేనే తీసుకెళ్లి చూపిస్తానని మాటిచ్చా."

ఫ్యాను ఆగింది. మామ్మ ఊపిరి కూడా బిగబట్టింది. పన్నెండు శాతం దగ్గర ఎర్రర్. వేగం తగ్గించాడు, మళ్లీ ఎర్రర్. డిస్కు మార్చాడు, అదే పాట. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని అసలు వీడియో తెరిచాడు. తెర నిండా చీకటి. ఒక వైపు చెల్లెలి చెవికి ఆనించాడు. తాళంచెవుల గలగల, మామ్మ గొంతు: "తూకం సరిగ్గా చూడవయ్యా!"

సంగతి ఇదీ. నాటకం మొదలైనప్పుడు మామ్మ బటన్ నొక్కింది గానీ అది పడలేదు. అయిపోయాక ఆపుదామని నొక్కితే అప్పుడు మొదలైంది. ఫోను సంచిలోకి వెళ్లి, చార్జింగ్ అయిపోయేదాకా సంచినే చిత్రీకరించింది. మధ్యలో తెగిన వీడియోను డిస్కు ఒప్పుకోలేదు.

"ఏమైంది బాబూ? నేను సరిగ్గా తియ్యలేదా?" మామ్మ మొహం చిన్నబోయింది.

"మీరా? బ్రహ్మాండంగా తీశారు! మా చెల్లి ఫ్యాను ఆపడం ఆలస్యం చేసింది. నాలుగున్నరకి రండి."

"కాస్త చూసుకోవద్దూ, అమ్మాయీ?" అని చెల్లెలిని మందలించి మామ్మ వెళ్లింది.

చెల్లెలు నోరు తెరిచేలోగా ఆయన ఫోను అందుకున్నాడు. స్కూలు వాచ్‌మన్ ఒక టీచరు పేరు చెప్పాడు. ఆ టీచరు, భటుడి వేషం వేసిన పిల్ల తండ్రి పేరు చెప్పింది. ఆయన బస్సు డ్రైవరు. నాటకం మొత్తం తీశాడు గానీ పంపడం రాదు. కదలకండి స్కూటరెక్కి డిపోకు పోయి, నలభై నిమిషాల్లో కాపీతో తిరిగొచ్చాడు.

ఆలోగా చెల్లెలు లెక్క తేల్చుకుంది. "మరి ఆ పెళ్లి వీడియో?"

"వాళ్ల నాన్న కెమెరా మూత తియ్యలేదు. ఆ రోజు పెద్దాయన ఇక్కడే నిలబడి ఉన్నాడు. ఎలా చెప్పమంటావ్?"

"అంటే ఈ ఫ్యాను గోలంతా అబద్ధమేనా?"

"ఫ్యాను నిజంగానే ప్రమాదం. ముందు ఆపు."

నాలుగున్నరకు మామ్మ తెర ముందు కూర్చుంది. జారుతున్న కిరీటంతో రాణి వచ్చింది. తెర కింద మూల, శాలువా కప్పుకున్న ఒకావిడ ఫోను పైకెత్తి సగం భటుణ్ణి కప్పేసింది.

"ఎవరీవిడ, అందరికీ అడ్డంగా! శాలువా చూస్తే నాదానిలాగే ఉందే!"

"అలాంటివి ఊళ్లో బోలెడున్నాయి మామ్మగారూ" అన్నాడాయన. చెల్లెలు పెదవి కొరుక్కుని బల్ల కిందికి వంగింది.

"అయినా నా చెయ్యి చూశావా బాబూ, ఎంత నిలకడో!"

మామ్మ డిస్కును సంచిలో పెట్టుకుని లేచింది. బస్సుకు ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది. వచ్చే నెల స్కూల్లో పాటల పోటీ ఉందనీ, అదీ తానే తీస్తాననీ గుమ్మం దగ్గర ఆగి చెప్పింది.

ఆవిడ వీధి మలుపు తిరగగానే చెల్లెలు డ్రైవరు ఫోను నంబరును గోడ మీద పెద్ద అంకెలతో రాసింది.