దేవుని గూట్లో స్పీకరు డబ్బా

మా ఆయన స్టీరియో రికార్డు ప్లేయరు తెచ్చిన రోజే మా దేవుళ్ళు వంటింట్లోకి మారారు. డెబ్బైల చివరి మాట. కాశిబుగ్గలో మాది రెండు గదుల ఇల్లు. ముందుగది నడుమ మామగారి గుంట మగ్గం. దానికి అటో స్పీకరు డబ్బా, ఇటో డబ్బా ఉండాలట. ఒకటి పడమటి గోడకు సర్దుకుంది. రెండోది పెట్టడానికి తూర్పు గోడకు ఉన్నది నా దేవుని గూడు ఒక్కటే.

"దేవునికి యాడైతేంది? పాట ఇటు కొంచెం, అటు కొంచెం రావాలె. గదే స్టీరియో," అన్నారు మా ఆయన.

పటాలు పప్పు డబ్బాల పక్కన చేరాయి. పోపు వేస్తే స్వామికి పొగ. దీపం పెట్టి కళ్ళు మూసుకుంటే ఇంగువ వాసన. అత్తగారికి పాత అలవాటు పోలేదు. స్నానం చేసి వచ్చి గూట్లోని స్పీకరు డబ్బాకే పసుపు బొట్టు పెట్టేది. ఈయన తుడిచేవారు, ఆమె మర్నాడు మళ్ళీ పెట్టేది.

రెండో డబ్బా అక్కర్లేదని తేలితే చాలు, నా దేవుళ్ళు వెనక్కి వస్తారు. పైగా నాకు పాట రెండు వైపులా ఒకేలా వినిపించేది. నేను బడికి పోలేదు. ఇంట్లో మా నాన్నే చదువు చెప్పారు. పద్యంలో ఒక్క అక్షరం మింగినా ఆయన కళ్ళు తెరవకుండానే పట్టుకునేవారు. ఆ చెవి నాకూ కొంత అబ్బింది, ఆయన దయ.

"రెండిట్ల ఒక్కతీరే ఇనబడ్తాంది," అన్నాను.

"అట్ట మీద స్టీరియో అని రాసున్నది కనబడ్తలేదా?"

"అట్ట పాడతదా?"

"జర గమ్మునుండి ఇనవే. ఇగో, తాళం కుడికి పోయింది... ఇగో, ఎడమకొచ్చింది. ఇంకేం గావాలె నీకు?"

నిజమే. టక్, టక్ మని ఏదో అటూ ఇటూ పోతూనే ఉంది. సినిమా పాట వేసినా, ఇంగ్లీషు పాట వేసినా, ఆఖరికి భజన వేసినా పోతూనే ఉంది. ఈయన స్నేహితులు వచ్చి, తలలు ఊపి, నా చేత చాయ్ పెట్టించుకుని తాగి పోయేవారు. "వదినా, గిసొంటి సౌండు హనుమకొండల గూడ లేదు!"

ఒక మధ్యాహ్నం వాళ్ళలా తలలు ఊపుతుండగానే తాళం ఆగిపోయింది. పాట మాత్రం సాగుతోంది.

"ఏమైంది దీనికి?" అని ఈయన డబ్బాను తట్టారు.

మగ్గం గుంటలోంచి మామగారు తల ఎత్తారు. "పోగు తెగింది. జర ఆగుండ్రి, అతుకుతాన."

ఇన్నాళ్ళూ గదిలో ఆ కొస నుంచి ఈ కొసకు ఉరికింది దారం మోసే మామగారి నాడె! పుట్టినప్పటి నుంచీ మగ్గం పక్కనే పెరిగినవాళ్ళకు అదొక చప్పుడని తోచదు. నాకూ తోచలేదు.

స్నేహితులు పడీపడీ నవ్వారు. నాకు నవ్వే తీరిక లేదు. "మామా, కొంచెంసేపు నెయ్యకుండ్రి," అని బతిమాలి, ప్లేయరు మీద బ్యాలెన్సు మీట తిప్పించాను. ఒక డబ్బానే పలికించి విన్నాం, తర్వాత రెండోదాన్ని. సినిమా పాటలన్నిటికీ రెంటిలోనూ అవే గొంతులు, అవే వాయిద్యాలు. స్టీరియో అని అచ్చేసిన ఒక పాత పాటైతే మరీ అన్యాయం. ఉన్నది ఒకటే పాట. ఒకవైపు దుప్పటి కప్పినట్టు, రెండోవైపు గొంతు పిసికినట్టు.

"ఇగ నా దేవుళ్ళను తెచ్చుకుంట," అని లేచాను.

"ఆగవే. ఇదొక్కటి ఇను," అని ఈయన ఇంకోటి వేశారు. హనుమకొండలో పాత సామాన్ల దుకాణంలో కొన్న ఇంగ్లీషు రికార్డు అది.

తూర్పు డబ్బాకు చెవి ఆనించాను. డోలు ఉంది, గిటారు ఉంది, పాడేవాడు లేడు. మీట తిప్పితే పాడేవాడు పడమటి గోడ దగ్గర ఉన్నాడు. అక్కడ డోలు లేదు. అందరూ నా మొహంకేసే చూస్తున్నారు. నా ముక్కు ముందే, డబ్బా మీద అత్తగారు పొద్దున పెట్టిన బొట్టు. దాని ఎదుట అబద్ధమాడడానికి నోరు రాలేదు.

"ఇది అసలుదే," అన్నాను.

ఈయన సంతోషం చూడాలి! చివరికి గూటి తగవు మామగారే తెగ్గొట్టారు. "గా ఒక్క రికార్డుకు గూట్లకు డబ్బా ఎక్కియ్యిరా. తక్కిన దినాలు దేవుడుంటడు. నేను మగ్గం దిగినంకనే ఏసుకో."

క్యాసెట్లు వచ్చేదాకా అదే వరస. మామగారు మగ్గం దిగారో లేదో, "ఏమేవ్, దేవుళ్ళను జర పట్టుకో!" అని కేక. పటాలన్నీ గుండెకు ఆనించుకుని విసుక్కుంటూ వంటింట్లోకి నడిచేదాన్ని. అలాంటి రికార్డు ఒక్కటే దొరికినందుకు, చేతులు ఖాళీ లేక, స్వామికి మనసులోనే దండం పెట్టుకునేదాన్ని.