కళ్లు మూస్తే పడిపోయే అమ్మ

రొమ్ము క్యాన్సర్‌కు మందు ఎక్కించడం మొదలుపెట్టాక మా అమ్మకు జుట్టు రాలిపోయింది. చాల్‌లో, మేముండే వరస గదుల మేడలో, అందరూ వచ్చి అయ్యో పాపం అన్నారు. ఆ మందుకే కాళ్లలో స్పర్శ కూడా పోయింది. అది బయటికి కనిపించదు కాబట్టి ఒక్కరూ పట్టించుకోలేదు. ఎనభైల నాటి మాట. కామాటిపురాలో, రెండో అంతస్తులో ఒక్క గది మాది. ఆ రోజులు తలుచుకుంటే ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది నాకు.

అమ్మకు అరికాళ్ల కింద నేల తెలిసేది కాదు. చెప్పు ఊడిపోయినా ఎవరైనా చెబితేనే చూసుకునేది. కాళ్లు ఎక్కడ పడుతున్నాయో కళ్లతో చూసుకుంటూ నడిచేది. గది మూలన నీళ్లు పోసుకునే మోరీ దగ్గర మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసిందంటే పక్కకు ఒరిగిపోయేది. ఒకసారి నుదురు పగిలింది. ఆస్పత్రిలో డాక్టరుకు ఆ దెబ్బ చూపించి, కళ్లు మూస్తే పడిపోతోందని హిందీలో చెప్పాను. "కమ్‌జోరీ హై, దూద్ పిలావ్" అన్నాడు తలెత్తకుండా. ఆ కాళ్లను ముట్టుకునైనా చూడలేదు మహానుభావుడు. నీరసమన్నాడు కదా అని పాలు తాగించాం. పాలు తాగి కూడా పడింది.

పొద్దున్నే నేను పనికి పోయేదాన్ని. సండాసు, అదే మరుగుదొడ్డి, వరండా చివర ఉండేది. పక్క గదిలోనే మా మేనత్త, నాన్నకు అక్క.

"వదినె, జర చెయ్యి పట్టుకొని తోల్కపోవా" అని అమ్మ అడిగితే, "అలవాటు జేస్కుంటె రోజు పట్టాల్సొస్తది. నువ్వే నడువు" అనేది. అమ్మ గోడ పట్టుకుని వెళ్లేది.

ఆషాఢంలో మా గల్లీలో పోచమ్మకు బోనాలు చేశారు. అమ్మ రాకపోతే అరిష్టమని అత్త పట్టుబట్టి కిందికి దించింది. డప్పులు, సాంబ్రాణి పొగ, జనం. అమ్మ ముందు వరసలో నిలబడింది. వెనకాల నేను, నెత్తిన బోనం, రెండు చేతులూ కుండ మీదే. అమ్మ దణ్ణం పెట్టుకుని, అందరిలాగే కళ్లు మూసింది.

ముందుకు ఊగింది. వెనక్కు ఊగింది. నేను కుండ దించేలోపే "తల్లి ఒచ్చిందే" అన్నారెవరో. అంతే, డప్పు జోరెత్తింది. ఆడవాళ్లు అటూ ఇటూ రెక్కలు పట్టుకున్నారు. చేతిలో వేపమండ పెట్టి, నెత్తిన పసుపు నీళ్లు కుమ్మరించారు. తలకు కట్టుకున్న గుడ్డ జారి, అమ్మ బోడి తల అందరి ముందూ బయటపడింది.

"ఏం కోపమొచ్చింది తల్లీ, మేమేం తక్కువ జేసినం?" అని అత్త అడిగింది.

"నాకేం రాలేదు వదినె. కాళ్లు తెలుస్తలేవు. కూసోవెట్టుండ్రి" అంది అమ్మ.

ఎవరికీ ఎక్కలేదు. పూనకంలో ఉన్న మనిషిని కూర్చోబెట్టరట.

సాయంత్రం అత్త మా గదికొచ్చి తీర్పు చెప్పింది. "దవాఖాన మందు తల్లికి ఇష్టం లేదు. సుయి బంద్ వెట్టుండ్రి." మర్నాడే మళ్లీ ఆ సూది మందు ఎక్కించుకోవాలి. నాన్న తల వంచుకుని ఊఁ అన్నాడు. ఆ ఊఁ నేను చచ్చేదాకా మరిచిపోను.

"అది పోచమ్మ కాదత్తా, మందు జేసిన పని. బంద్ వెడితె మా అమ్మ బతుకదు" అని అరిచాను. నోరు ముయ్యమన్నాడు నాన్న.

అంతవరకు పడుకుని ఉన్న అమ్మ గోడ పట్టుకుని లేచింది.

"వదినె, నా మీదికి తల్లి ఒచ్చిందంటవా?"

"ఒచ్చింది. నా కండ్లతోని జూసిన."

"గట్లయితె ఇవి తల్లి కాళ్లు. రేపు నువ్వే పట్టుకొని దవాఖానకు తోల్కపో. దారిల పడేస్తె ఆమెకు నువ్వే జవాబు చెప్పుకో."



పొద్దున్నే అత్త తలస్నానం చేసి వచ్చింది. అమ్మ మోచెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. మెట్టు మెట్టుకూ "పైలం తల్లీ, పైలం" అంటూ దించింది. ఇన్ని నెలలు సండాసు దాకా రాని చెయ్యి అది. మరదలికి పట్టని చెయ్యి దేవతకు పట్టింది. అమ్మ ఒక్క మెట్టు కూడా తడబడలేదు.

ముగ్గురం గ్రాంట్ రోడ్ స్టేషన్‌కు పోతుంటే గల్లీ మలుపులో కొందరు ఆడవాళ్లు ఎదురొచ్చి, వంగి అమ్మ పాదాలకు మొక్కారు. అమ్మ ఆగి, వంగిన తలల చాటున తన కాళ్లు కనిపించక, అటే చూస్తూ నిలబడింది. వాళ్లు లేచి పక్కకు తప్పుకున్నాక నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగింది.

"ముట్టిండ్రా బిడ్డా?"